పొడగరి మోకాళ్లు, ముందు సీటు

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు, ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. ఉద్యోగరీత్యా నెలకు రెండుసార్లయినా విమానంలో, అదీ ఎకానమీ తరగతిలో, ప్రయాణించాల్సి వస్తుంది. కిందటిసారి నా ముందున్న పెద్దాయన ఉన్నట్టుండి సీటు వెనక్కి వాల్చడంతో మోకాలి చిప్పకు గట్టిగా తగిలింది. కోపం ఆపుకోలేక రెండు మోకాళ్లతో ఆ సీటును అదిమిపట్టి దాదాపు గంటసేపు వాలనివ్వలేదు. చివరికి మాటామాటా పెరిగింది. సిబ్బంది వచ్చి, కాళ్లకు ఎక్కువ చోటున్న సీటును ముందే కొనుక్కోవలసిందని నాకే చెప్పారు. అదే సమయంలో అత్యవసర ద్వారం పక్కనున్న విశాలమైన వరుసలో అయిదడుగులైనా లేని ఒకావిడ కాళ్లు చాపుకొని నిద్రపోతున్నారు. ఈ ఎత్తు నేను కోరి తెచ్చుకున్నది కాదు. దీనికి ప్రతిసారీ అదనంగా చెల్లించడం జరిమానా కట్టడమే కదా? అలాంటి సీట్లు మావంటివారికే కేటాయించడం న్యాయం కాదా? ఈ మాట నా భార్యతో అంటే, "సీటులో కూర్చుంటే నా కాళ్లు నేలకు ఆనవు, దాని గురించి నేనెవరికి ఉత్తరం రాయాలి?" అంది. వచ్చే నెల మేమిద్దరం తొమ్మిది గంటల ప్రయాణం చేయాలి. ముందు సీటు వాలకుండా అడ్డుపెట్టే పరికరం కొనుక్కోమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. కొనమంటారా?

సమాధానం: పొడవైన మనిషిని ఆజానుబాహువని మెచ్చుకొనే భాష మనది. జానువంటే మోకాలు, చేతులు మోకాళ్ల దాకా సాగడం గొప్ప లక్షణమని పూర్వులు చెప్పారు గానీ, ఆ మోకాళ్లను ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. మీ ఉత్తరంలో మూడు ఫిర్యాదులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. సీట్లను అలా అమర్చిన సంస్థ మీద ఒకటి, ముందు కూర్చున్న పెద్దాయన మీద ఒకటి, అత్యవసర ద్వారం పక్కన నిద్రపోయిన ఆవిడ మీద ఒకటి. మొదటిది చాలావరకు న్యాయమైనదని, రెండోదానిలో తప్పు మీ వైపే ఎక్కువగా ఉందని, మూడోది అసలు ఫిర్యాదే కాదని నాకనిపిస్తోంది. ఇలా తీర్పు చెబుతున్న నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు మాత్రమే కనుక, మీ బాధ నాకు అనుభవం ద్వారా కాక కొలతల ద్వారానే తెలుస్తుందని ముందే ఒప్పుకుంటున్నాను.

కాబట్టి కొలతలతోనే మొదలుపెడతాను. ఒక సీటు మీద ఏదో ఒక బిందువు నుంచి, దాని ముందు సీటు మీద సరిగ్గా అదే బిందువు వరకు ఉన్న దూరాన్ని విమానయాన రంగంలో సీటు పిచ్ అంటారు. ఈ రోజుల్లో ఎకానమీ తరగతిలో ఇది ఎక్కువగా 28 నుంచి 32 అంగుళాల మధ్య ఉంటోంది. చాలామంది దీన్నే కాళ్లకు దొరికే చోటుగా భావిస్తారు, అది సరికాదు. ముందు సీటు వీపు మందం కూడా ఈ దూరంలోనే ఇమిడి ఉంటుంది కాబట్టి, దాన్ని తీసేయగా మిగిలినదే మీ వంతు. ఇక మీ వైపు కొలత తెలియాలంటే, ఒక స్టూలు మీద కూర్చుని నడుమును గోడకు ఆనించి, గోడ నుంచి మోకాలి చిప్ప అంచు వరకు ఎవరిచేతనైనా కొలిపించుకోండి. మీ ఎత్తున్నవారికి ఇది సాధారణంగా 66 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. 68 అనుకుందాం. 30 అంగుళాల పిచ్ అంటే 76 సెంటీమీటర్లు. సన్నని వీపుతో తయారయ్యే కొత్త రకం సీట్లలో మోకాలి దగ్గర మందం నాలుగు సెంటీమీటర్లే అనుకున్నా, మీకు మిగిలేది మరో నాలుగు సెంటీమీటర్లు. 28 అంగుళాల పిచ్ ఉన్న విమానంలో మొత్తం దూరమే 71 సెంటీమీటర్లు కనుక, ముందున్నవారు సీటును అంగుళమైనా కదపకముందే మీ మోకాళ్లు దానికి ఆని ఉంటాయి. సర్దుకొని కూర్చుంటే సరిపోతుందని మీకు ఎవరైనా చెబితే, ఆ మాట చెప్పేవారి తొడ ఎముక పొడవెంతో అడగడం తప్పు కాదు.

సీటు వాల్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. సీటు వీపు తన అడుగుభాగం దగ్గరున్న ఇరుసు మీద తిరుగుతుంది. సగటు ఎత్తున్న మనిషి మోకాళ్లు ఆ ఇరుసుకు కొద్దిగానే పైన ఉంటాయి కాబట్టి, సీటు వాలినప్పుడు అతడి ముఖం ముందున్న చోటు తగ్గుతుంది గానీ మోకాళ్లకు పెద్దగా తేడా తెలియదు. మీ మోకాళ్లు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున, అంటే ఇరుసుకు దాదాపు జానెడు పైన ఉంటాయి. సీటు పైఅంచు పది సెంటీమీటర్లు వెనక్కి వస్తే మీ మోకాలి దగ్గర అది రెండు సెంటీమీటర్ల మేర జరుగుతుంది. ఉన్నదే నాలుగు సెంటీమీటర్లయినప్పుడు అందులో సగం పోవడమంటే ఏమిటో ముందు కూర్చున్న మనిషికి తట్టదు. ఆయన తల వాల్చుకున్నాడు, అంతే. వెనక ఏం జరిగిందో ఆయనకు కనిపించదు. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు జరిమానా మాట. సీట్ల మధ్య దూరం ఎప్పుడూ ఇంతే లేదు. అమెరికాలో ప్రయాణికుల సంఘం ఒకటి వేసిన వ్యాజ్యంలో 2017 జులైలో తీర్పు చెప్పిన అప్పీలు న్యాయస్థానం, ఎకానమీ సీటు పిచ్ సగటున 35 అంగుళాల నుంచి 31కి తగ్గిందని, కొన్ని విమానాల్లో 28కి కూడా దిగిందని ప్రస్తావించింది. ఇది కేవలం దురాశ వల్ల జరిగిందని తేల్చేయడం తేలికే గానీ, లెక్క వేసి చూస్తే సమస్య అంత తేలికైనది కాదని తెలుస్తుంది. వరుసకు ఆరుగురు చొప్పున 30 వరుసల్లో 180 మంది కూర్చునే విమానాన్ని తీసుకోండి. పిచ్ 30 అంగుళాలయితే సీట్లున్న మేర 900 అంగుళాలు. అందరికీ రెండేసి అంగుళాలు పెంచి 32 చేస్తే అదే పొడవులో 28 వరుసలే పడతాయి, అంటే 12 సీట్లు పోతాయి. ఆ పన్నెండు టికెట్ల రాబడిని మిగిలిన 168 మంది మీద పంచితే ఒక్కొక్కరి ఛార్జీ సుమారు 7 శాతం పెరగాలి. మీ భార్యగారు కూడా ఆ 7 శాతం కట్టాలి, అదీ ఆమె కాళ్లు నేలకు ఆనడానికి ఏమాత్రం పనికిరాని చోటు కోసం. 2000వ సంవత్సరంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన విమానాల్లో వరుసలు తొలగించి ఎకానమీ అంతటా కాళ్లకు చోటు పెంచింది. కొన్నేళ్లు గడిచేసరికి ఆ వరుసలను మళ్లీ బిగించుకుంది. టికెట్టు కొనేటప్పుడు మనమందరం తక్కువ ధర చూసి కొంటాం, ఎక్కి కూర్చున్నాక చోటు గురించి మాట్లాడతాం. ఈ విషయంలో ప్రయాణికులు పూర్తిగా నిర్దోషులని నేననలేను.

అయినా మీ ఫిర్యాదు న్యాయమైనదేనని ఎందుకన్నానంటే, సౌఖ్యం అమ్మడం వేరు, ఇమడటానికి కావలసిన చోటు అమ్మడం వేరు. మెత్తని దిండు, మంచి భోజనం, కాళ్లు చాపుకొని పడుకొనే వీలు, ఇవన్నీ అదనపు డబ్బుకు అమ్మవచ్చు, కావలసినవారు కొనుక్కుంటారు. కానీ ఒక మనిషికి సీటు అమ్మినప్పుడు ఆ మనిషి శరీరం అందులో దెబ్బ తగలకుండా పట్టాలన్నది ఆ అమ్మకంలోనే ఉన్న షరతు. పట్టని చెప్పులు అమ్మి, కాలివేళ్లు ఆడాలంటే అదనంగా కట్టమని ఏ దుకాణదారూ అనడు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలనే సామెతను మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ సామెత పుట్టింది స్తోమతుకు మించి ఖర్చుపెట్టేవారి కోసం. ఖర్చును తగ్గించుకోవచ్చు, తొడ ఎముకను తగ్గించుకోలేరు. ఒక కనీస దూరాన్ని నిర్ణయించి, దాన్ని మామూలు టికెట్టు ధరలోనే చేర్చి, ఆపై ఎంత చోటునైనా ఎంత ధరకైనా అమ్ముకోనివ్వడం నాకు తెలిసినంతలో అందరికీ సమ్మతం కాగల ఏర్పాటు.

చట్టాలు అక్కడిదాకా రాలేదు. వచ్చినచోట కూడా అవి సౌఖ్యం కోసం రాలేదు. బ్రిటన్ పౌర విమానయాన నియంత్రణ సంస్థ 1989లో, సీటు వీపు నుంచి ముందు సీటు వెనకభాగం వరకు కనీసం 26 అంగుళాలు, అంటే 66 సెంటీమీటర్లు, ఉండాలని నిర్దేశించింది. ప్రమాద సమయంలో జనం వరుసల్లోంచి త్వరగా బయటపడాలన్నదే దాని ఉద్దేశం. మీ 68 సెంటీమీటర్లు ఆ కనీసంలో కూడా పట్టవని గమనించండి. ఇందాక చెప్పిన 2017 తీర్పులో కూడా న్యాయస్థానం సౌఖ్యం గురించి, ఆరోగ్యం గురించి చేసిన వాదనలను పక్కన పెట్టి, ప్రమాదంలో విమానాన్ని ఖాళీ చేయించేటప్పటి భద్రత విషయాన్ని మాత్రమే మళ్లీ పరిశీలించమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థను ఆదేశించింది. 2018లో అమెరికా చట్టసభ, సీట్ల కనీస కొలతలను ఏడాదిలోగా నిర్ణయించమని చట్టం చేస్తే, ఆ గడువు ఏ నిర్ణయమూ లేకుండానే దాటిపోయింది. ఈలోగా నియంత్రణ సంస్థ ఓక్లహోమా సిటీలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కొన్ని వందల మందితో విమానాన్ని ఖాళీ చేసే ప్రయోగాలు జరిపి, 28 అంగుళాల పిచ్ కూడా బయటపడటానికి అడ్డు కాదని తేల్చింది. ఆ ప్రయోగాల్లో పిల్లలు లేరు, అరవై దాటినవారు లేరు, వైకల్యం ఉన్నవారు లేరు. నిజమైన విమానంలో ఈ ముగ్గురూ ఉంటారు కదా అని అడగటానికి విమానయాన నిపుణులు కానక్కరలేదు.

కాలు వంగని స్థితిలో ఉన్న ప్రయాణికుడికి, అంటే కీలు బిగుసుకుపోయినవారికి లేదా కట్టు కట్టించుకున్నవారికి, కాళ్లకు చోటున్న సీటు ఇవ్వాలనే నిబంధన అమెరికాలో ఉంది. కెనడాలో 2008లో వెలువడిన ఒక ఆదేశం ప్రకారం, వైకల్యం వల్లనో స్థూలకాయం వల్లనో రెండు సీట్లు తప్పనిసరి అయినవారి వద్ద దేశీయ ప్రయాణాల్లో ఒక్క టికెట్టు ధరే తీసుకోవాలి. అంటే శరీరాన్ని బట్టి ధర ఉండకూడదనే సూత్రం కొత్తదేమీ కాదు. అది వైకల్యం దగ్గర ఆగిపోయింది, ఎత్తు వరకు రాలేదు. రావాలా అని అడిగితే, ఎత్తును వైకల్యంగా ప్రకటించుకోవడం నాకు సబబుగా తోచదు. పొడవైనవారికి సంపాదనలోను, సమాజం ఇచ్చే గౌరవంలోను ఎంతో కొంత మొగ్గు ఉంటుందని చెప్పే పరిశోధనలు చాలానే ఉన్నాయి; మిగతాచోట్ల ఆ మొగ్గును మౌనంగా పుచ్చుకొని విమానంలో మాత్రం బాధితులమనడం వినేవారికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. మీ వాదన పొడగరులకు రాయితీ కావాలనేదానికన్నా, అమ్మిన సీటులో మనిషి పట్టాలనేదిగా ఉంటే, మీ భార్యగారితో సహా ఎక్కువమంది మీ వైపు నిలబడతారు.

అత్యవసర ద్వారం పక్కన కూర్చున్న ఆవిడ విషయం త్వరగా ముగించవచ్చు. ఆ వరుస విశాలంగా ఉన్నది కాళ్లు చాపుకోవటానికి కాదు, ప్రమాదంలో విమానంలో ఉన్నవారంతా ఆ దారిన బయటికి పోవటానికి. అందుకే అక్కడ కూర్చునేవారికి పెట్టే షరతుల్లో ఎత్తు లేదు. వయసు తగినంత ఉండాలి, సూచనలు అర్థం కావాలి, తలుపు తెరవగల శక్తి, అందుకు సమ్మతి ఉండాలి. కొన్ని విమానాల్లో రెక్క మీదికి తెరుచుకొనే ఆ తలుపును ఊడదీసి బయటికి విసరవలసి ఉంటుంది. ఆవిడ ఆ షరతులకు ఒప్పుకొని, బహుశా అదనంగా డబ్బు కట్టి, ఆ సీటు తీసుకున్నారు. ఆవిడ నిద్రను మీ నొప్పికి ముడిపెట్టడం అక్షరాలా మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే. అయితే ఆ వరుసలో సీట్లు అమ్ముడుపోకుండా ఖాళీగా ఉన్నప్పుడు, ధర పడిపోతుందనే భయంతో, వాటిని పొడవైనవారికి ఇవ్వకుండా అలాగే ఉంచి ఎగరడం నాకు నచ్చని పని. ఖాళీ సీటు ఎగిరిపోయాక దానికి ధర ఉండదు. చెక్-ఇన్ ముగిసే సమయానికి మిగిలిన అలాంటి సీట్లను, అర్హత ఉన్న పొడగరులకు మామూలు ధరకే ఇచ్చే పద్ధతిని సంస్థలు పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు.

ఇక పెద్దాయన దగ్గరికి వద్దాం. ఆయన సీటుకు ఉన్న మీట ఆయన కొన్న టికెట్టులో భాగం. దాన్ని చడీచప్పుడు లేకుండా ఒక్కసారిగా లాగడం మర్యాద కాదు, అంతవరకు తప్పు ఆయనదే. తగిలిన వెంటనే మీరు అబ్బా అని ఉంటే, చాలామంది ఉలిక్కిపడి వెనక్కి తిరిగి క్షమించమనేవారే. మీరు అలా కాక గంటసేపు మోకాళ్లతో మౌనయుద్ధం చేశారు. ఆయనకు తెలిసిందల్లా తన సీటు చెడిపోయిందనో, వెనక ఎవరో తన్నుతున్నారనో మాత్రమే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఆ రెండు సెంటీమీటర్ల కోసం మీ ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పిన అమరిక ఎవరిదో వారు ఆ గొడవ జరుగుతున్నప్పుడు అక్కడ లేరు. ఇకమీదట విమానం ఎక్కి కూర్చోగానే, ముందున్నవారు స్థిమితపడ్డాక, "నా కాళ్లు కొంచెం పొడవండి. సీటు వాల్చుకొనే ముందు ఒక్క మాట చెబితే సర్దుకొని కూర్చుంటాను" అని అడగండి. వాల్చవద్దని అడగటం లేదు, చెప్పి వాల్చమంటున్నారు. ఈ తేడా వల్ల ఎదుటివారికి తమ హక్కు పోయినట్టు అనిపించదు, చాలామంది సగమే వాల్చి ఊరుకుంటారు. ఒప్పుకోనివారు కూడా ఎదురవుతారు. అప్పుడు సిబ్బందిని పిలిచి వేరే సీటు అడగాలి తప్ప వారి సీటుతో మాట్లాడకూడదు.

మీ స్నేహితుడు చెప్పిన పరికరం కొనకండి. 2014 ఆగస్టులో అమెరికాలో నెవార్క్ నుంచి డెన్వర్‌కు వెళుతున్న విమానంలో ఒక ప్రయాణికుడు అలాంటిదే బిగించి, తీయమన్నా తీయకపోవడంతో, ముందు సీటులోని ప్రయాణికురాలికి అతడికి తగాదా ముదిరి, చివరికి విమానాన్ని షికాగోలో దించి ఇద్దరినీ దింపేశారు. చాలా సంస్థలు వీటిని నిషేధించాయి. నిషేధం లేకపోయినా, డబ్బు పెట్టి ఎదుటివారి మీటను పనిచేయకుండా చేసే హక్కును కొనుక్కోవడం, మీరు ఏ పద్ధతిని జరిమానా అంటున్నారో ఆ పద్ధతినే మరొకరి మీద ప్రయోగించడం అవుతుంది.

సీటు ఎంచుకోవడంలో మీరు చేయగలిగింది చాలా ఉంది, అది కొంత ఓపికతో కూడిన పని. టికెట్టు కొనేముందు ఆ ప్రయాణానికి ఏ విమానం వాడుతున్నారో, దాని పిచ్ ఎంతో చూడండి. ఒకే దారిలో తిరిగే రెండు సంస్థల మధ్య రెండు మూడు అంగుళాల తేడా ఉండటం అరుదు కాదు, మీకు ఆ తేడాయే సర్వస్వం. భుజాలు కూడా విశాలంగా ఉంటే వెడల్పు చూడటం మరవకండి. ఎయిర్‌బస్ ఎ320 కుటుంబపు విమానాల్లో సీటు సాధారణంగా 18 అంగుళాలు ఉంటే, బోయింగ్ 737లో 17 అంగుళాల చుట్టూ ఉంటుంది. అత్యవసర ద్వారాల వరుసలు రెండు ఒకదాని వెనక ఒకటి ఉన్న విమానాల్లో రెండోదాన్ని ఎంచుకోండి, ఎందుకంటే మొదటి వరుస సీట్లు వెనకున్న దారికి అడ్డం రాకుండా వాలని విధంగా బిగించి ఉంటాయి. అన్నిటికన్నా ముందుండే, ఎదురుగా గోడ ఉన్న వరుస చాలామంది అనుకున్నంత గొప్పది కాదు. ముందు ఎవరూ వాల్చరన్న మాట నిజమే గానీ, గోడ దగ్గరగా ఉంటే మీ పాదాలు చాపుకోవటానికి ముందు సీటు కిందుండే ఖాళీ కూడా అక్కడ ఉండదు, పైగా భోజనపు బల్ల చేతి ఆసరాలో ఇమిడి ఉండటం వల్ల సీటు ఇంకాస్త ఇరుకవుతుంది. నడవ పక్క సీటులో ఒక కాలైనా అప్పుడప్పుడు బయటికి చాపుకోవచ్చు, తోపుడుబండి వచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. నడవ వైపు చేతి ఆసరా కదలదని చాలామంది అనుకుంటారు. దాని కింద, కీలు దగ్గర, తడిమితే తగిలే చిన్న మీట చాలా విమానాల్లో ఉంటుంది. కూర్చునేటప్పుడు నడుము పూర్తిగా వెనక్కి ఆనించండి, ఎందుకంటే జారగిలబడితే మోకాళ్లు మరో రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు పోతాయి, మీ దగ్గర ఖర్చుపెట్టటానికి అన్ని సెంటీమీటర్లు లేవు.

ఉద్యోగం కోసం చేసే ప్రయాణాలకు మీ జేబులోంచి అదనంగా కట్టవద్దు. నెలకు రెండుసార్లు వెళ్లేవారికి కాళ్లకు చోటున్న సీటు విలాసం కాదని, పనికి కావలసిన వసతి అని మీ కార్యాలయానికి ఒక చిన్న లేఖ రాయండి. అందులో ఫిర్యాదు స్వరం వద్దు. గోడ దగ్గర తీసుకున్న కొలత, విమానం పిచ్, రెండింటి తేడా, ఈ మూడు అంకెలు చాలు. విమాన సంస్థకు రాసినా ఇదే పద్ధతి పాటించండి. చాలా అసౌకర్యంగా ఉందని రాసిన ఉత్తరానికి విచారం వ్యక్తం చేసే అచ్చు జవాబు వస్తుంది. ఫలానా విమానంలో ఫలానా వరుసలో 68 సెంటీమీటర్ల కాలికి 67 సెంటీమీటర్ల చోటు అమ్మారని రాసిన ఉత్తరానికి ఎవరో ఒకరు ఆలోచించి జవాబు రాయవలసి వస్తుంది. డబ్బు కట్టి తీసుకున్న సీటు, విమానం మార్చడం వల్ల దొరకకపోతే ఆ మొత్తం తిరిగి అడగటం మాత్రం మరవకండి.

తొమ్మిది గంటల ప్రయాణానికి మాత్రం, సూత్రం సంగతి పక్కన పెట్టి, మీ సీటుకు డబ్బు కట్టండి. ఇందులో సౌఖ్యం కన్నా ముఖ్యమైన కారణం ఉంది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణాల్లో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన చెప్పింది. 190 సెంటీమీటర్లు దాటిన ఎత్తున్నవారికి ఆ అవకాశం ఇంకా ఎక్కువని కూడా అందులోనే ఉంది, మీరు 193. భయపడవలసిన పని లేదు, ఎందుకంటే రెండింతలైనా ఆ అవకాశం సుమారు ఆరు వేల మందిలో ఒకరికి మాత్రమే. కానీ గంటకోసారైనా లేచి నడవటం, కూర్చున్నంతసేపూ మడమలు పైకీ కిందికీ ఆడించడం, తగినంత నీరు తాగటం తప్పనిసరి అనుకోండి. గతంలో ఎప్పుడైనా మీకు గానీ మీ రక్తసంబంధీకులకు గానీ రక్తం గడ్డకట్టిన సమస్య వచ్చి ఉంటే ప్రయాణానికి ముందే వైద్యుణ్ని కలవండి. సొంతంగా ఏ మాత్రా వేసుకోవద్దు. అదే పరిశోధన 160 సెంటీమీటర్లకన్నా పొట్టివారికి కూడా ఈ అవకాశం పెరుగుతుందని చెబుతోంది. కాళ్లు నేలకు ఆనకుండా వేలాడుతుంటే సీటు అంచు తొడల కింద ఒత్తుకుంటుంది. మీ భార్యగారు వేళాకోళానికి అన్న మాటలో మీ ఉత్తరంలో ఉన్నంత బరువూ ఉంది.

అందుచేత మీరు నడవ పక్కన, ఆమె మీ పక్కన కూర్చునేలా రెండు సీట్లు తీసుకోండి. మామూలు వరుసలో ఎక్కువ పిచ్ ఉన్న సీట్లయితే మంచిది, అత్యవసర ద్వారం వరుస వద్దు. అక్కడ విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు నేల మీద ఏ సామానూ ఉంచనివ్వరు. మీ చేతిసంచిని మీ ముందు సీటు కింద పెట్టవద్దు, అక్కడ మీ పాదాలకే చోటు చాలదు. దాన్ని ఆమె ముందు సీటు కింద పెట్టించండి. విమానం పైకి లేచి, బెల్టు దీపం ఆరిన తరువాత, దాన్ని కొద్దిగా వెనక్కి లాగి ఆమె పాదాల కింద జరపండి.